సాలమ్మ మేక ఏ గుట్టెక్కింది?

నాచారంలో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న ఆఫీసు. కంప్యూటర్ ముందు ఉప్పలయ్య తాత. పక్కన గేములోని మనుషులకు మాటలు రాసే ఆయన మనవరాలు హిమజ, గుట్టలూ నదులూ గీసే అనిరుధ్.

“...ఉప్పల్ రింగు రోడ్డు దాటాల్నంటె నా చెయ్యి పట్టుకుంటరు మీరు. గీ గేముల సూడుండ్రి, ఒక్కన్నే దేశమంత సుట్టొచ్చిన!”

“ఇన్నవా హిమజా? తాతకు సుత తిరుగుడే ఇష్టం. గేముల నువ్వు పెట్టిన కంకులమ్మే సాలమ్మను తీసేద్దాం. ఆ జాగల ఇంకో గుట్ట పెడత. ఏది ఉంచాల్నో సాయంత్రం లోపల సార్‌కు చెప్పాలె.”

“జర ఆగు అనిరుధ్. సాలమ్మ లేకుంటె నా కథే లేదు. తాతా, నిజం జెప్పు, గుట్టలన్ని ఎక్కినవా?”

“ఎక్కిన, దిగిన. ఒకదాని మీద కునుకు సుత తీసిన.”

“మరి నీ బొమ్మ ఇంకా ఊరి మొగదల్నే ఉన్నదేంది? సాలమ్మ పొయ్యి కాడ?”

“తిరిగొచ్చి నిలవడ్డ.”

“తాతా! మ్యాప్ అంత నల్లగనే ఉన్నది. పోయిన జాగలే తెల్లగైతయి దీంట్ల.”

“ఓర్నీ, గది సుత రాసి పెట్టుకుంటదా? సరే బిడ్డా, యాడికీ పోలే. అడుగు కదపలే.”

“ఏంది తాతా! నిద్ర లేకుంట అడవులు గీసిన, వాగులు గీసిన. నువ్వు కంకుల కాడ కూసున్నవా?”

“ఏం జేద్దు అనిరుధూ, సాలమ్మ ముచ్చట ఇడుస్తదా? ఆమెకో మేక ఉండెనట. అది పెండ్లినాటి వెండి కడియం మింగి గుట్టెక్కింది. మొగడు దాని ఎంబడి వడ్డడు...”

“మేకనా? తాతా, ఆమెకు...”

“నువ్వాగు బిడ్డా! ఇప్పటికీ ఆ మేక దుంకితె కడుపుల గల్లుమంటదట. గాలి ఇటు కొడితె సాలమ్మకు ఇనవడతదట.”

“మరి మొగడు?”

“సూడు, అనిరుధ్‌కు ఎంత ఆత్రమో! మేక దొరికినంక వస్తనని కబురు పంపిండు. దొరికింది. పాలు పిండుకోని చాయ్ గూడ తాగుతుండు. గని దిగడు.”

“ఎందుకు దిగడు?”

“ఏమో! గా మాట కాడికి రాంగనే సాలమ్మ కంకి తిప్పుకుంట కూసుంటది.”

“ఏ గుట్ట తాతా? నా గుట్టలల్ల ఏది?”

“గీసినోనివి నువ్వు, నన్నడుగుతవేంది?”

“హిమజా, ఆ రాళ్ల గుట్ట! ఆడ గల్లుమంటె వాగు దాక ఇనవడతది. మొగణ్ని ఆడనే కూసోవెడదాం. కొత్త గుట్టొద్దు, ఏమొద్దు. ఆగు, సార్‌కు మెసేజ్ పెడుతున్న. సాలమ్మ... ఉంటది. పంపిన!”

“నిజంగనా?”

“నిజంగనే! మేక చప్పుడు నేనే జేస్త. గజ్జెలు యాడన్న దొరుకుతయేమో సూస్త. వస్త తాతా!”

“పోయిండా బిడ్డా?”

“పోయిండు. ఎగురుకుంట పోయిండు. తాతా... సాలమ్మకు నేనింకా ఒక్క మాటనే రాసిన. ‘కంకులు తీస్కుంటరా?’ అని.”

“అంతే అన్నది పాపం. మేక నేను కల్పించిందే బిడ్డా. బొమ్మను నడిపిచ్చే బటన్ ఏదో దొరకలే, ఊకె కూసోని ఏం జేద్దు?”