మెడ మీద మెట్లు

వాయిద్యాలు బాగుచేసే కొట్టు. బల్ల మీద మనిషంత ఫిడేలులాంటి డబుల్ బేస్ పడుకోబెట్టి ఉంది. ఒక పక్క మేస్త్రీ, ఇంకో పక్క దాన్ని వాయించే కళాకారుడి భార్య.

“మెడ పొడుగునా మెట్లా? ఇదేమన్నా గిటారనుకున్నారా వదినా?”

“వెయ్యగలవా, లేవా?”

“వెయ్యగలను. తర్వాత అన్న నన్ను చంపుతాడు.”

“చంపే ఓపిక ఆయనకెక్కడిది.”

“అదే... ఎలా ఉన్నాడు?”

“ఉన్నాడు. తీగలు కూడా మార్చు. ఇవి మరీ గట్టి. మెత్తటివి వెయ్యి.”

“నైలానువి వేస్తే దీని గొంతు పోతుంది.”

“పోనీ.”

“పోనీ అంటారేంటి! ఈ గొంతు కోసం అన్న నా ప్రాణం తోడేసేవాడు. తీగల్ని ఎత్తిపట్టే ఈ బ్రిడ్జి గోరంత తగ్గిస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు.”

“బ్రిడ్జి కూడా తగ్గించు. పసిపిల్ల నొక్కినా తీగ మెడకి ఆనాలి.”

“జిర్రుమంటుంది.”

“అననీ. ఇదిగో, ఈ కింద ఊచ ఉంది చూడు, ఇది వంచాలి. మంచం మీద కూర్చున్న మనిషి మీదకి వాలాలి ఇది.”

“ఇదంతా అన్న చెప్పాడా?”

“ఆయన మాట ముద్దముద్దగా వస్తోంది. ఏం చెబుతాడు?”

“మరి మీరే...? కోపం తెచ్చుకోకండి. మీరు దీన్ని వదలని చుట్టం అనేవాళ్లు. సగం గది తినేసిందని...”

“ఇప్పుడూ అంటాను. దుమ్ము తుడవలేక చస్తున్నా.”

“వదినా, ఒక మాట. పక్షవాతంతో పడిపోయింది ఎడం చెయ్యి. తీగ నొక్కేది ఆ చెయ్యే. దూదితో తీగలు చేసి వేసినా లాభం లేదు. ఊరికే పాడుచేసుకోవడం. ఎవరికన్నా ఇచ్చెయ్యండి.”

“కుడి చెయ్యి ఊరుకోవడం లేదయ్యా.”

“అంటే?”

“దుప్పటి మీద అటూ ఇటూ లాగుతూనే ఉంటుంది. కమాను లాగినట్టు. పగలంతా అదే పని. కళ్లేమో నా మీద. నేనెటు చూడను?”

“అయ్యో...”

“నిన్న కమాను తెచ్చి చేతికిచ్చా. పట్టుకున్నాడు. ఇక వదల్లేదు. అన్నం పెడుతున్నా వదల్లేదు.”

“కమాను ఒక్కటీ పట్టుకుని ఏం చేస్తాడు వదినా? ఆ రెండో చెయ్యి...”

“తెలుసు. ఎక్కడ నొక్కాలో తెలియదు, వేళ్లలో బలం లేదు. అందుకేగా మెట్లు వెయ్యమంది, మెత్తటి తీగలన్నది.”

“అన్నకి తెలియకపోవడమేంటి?”

“ఆయనకెందుకు తెలీదు? నాకు. పక్కన కూర్చుని నొక్కేది నేను.”