పొద్దుగూకకముందే ఇల్లు చేర్చే సైకిల్

“నీలందే బాగుండాది. ఇంకేం చెప్పొద్దు.”

“నేనేం చెప్పలేదు కదా మామా.”

“నోటితో చెప్పలేదు. నీ మొహం చెప్తా ఉండాది.”

“నా మొహం కనపడతా ఉండాదా నీకు?”

“ఎదురుగా ఉండేది బాగానే కనపడతాది. నువ్వు ఎదురుగానే ఉండావు.”

పురసవాక్కంలో గోపాలయ్య సైకిళ్ల అంగడి. ఆ పక్క వీధి బట్టల కొట్టులో లెక్కలు రాసే శివరామ్, అతని భార్య, అక్క కూతురు కూడా అయిన హేమమాలిని, వాళ్ల ముందు రెండు రోడ్ బైకులు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. బయట కార్తీకమాసపు మబ్బు. ఇక స్కూటర్ ముట్టకూడదని కంటి డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. సైకిల్ గురించి మాత్రం ఆయన ఏమీ అనలేదు, ఎందుకంటే శివరామ్ అడగలేదు.

“చూడమ్మా, రెండూ పనికి పోయి వచ్చేవాళ్లు మొదట కొనుక్కునే రోడ్ బైకులే. నీలంది తేలిక. సన్న టైర్లు, పోతే గాలి మాదిరి పోతాది. ఎర్రది కొంచెం బరువు. అయితే టైరు లావు, గుంటలో పడినా తట్టుకుంటాది. ఎనకాల క్యారియర్ బిగించుకోవచ్చు. బ్రేకు కూడా గట్టిది.”

“గోపాలయ్య గారూ, హ్యాండిల్ ఏంది రెంటికీ ఇట్ల ఉండాది, పొట్టేలు కొమ్ముల మాదిరి?”

“రోడ్ బైక్ అంటే అంతేనమ్మా. వంగి తొక్కాల. అప్పుడే గాలి అడ్డం రాదు.”

“వంగి తొక్కితే ఏం కనపడతాది? ముందు చక్రం తప్ప?”

“ఇప్పుడు మాత్రం నాకు ఏం కనపడతా ఉండాదిలే హేమా. పక్కన లేదు, కింద లేదు. గొట్టంలోనించి చూసినట్టు ముందర ఇంత. దానికి వంగితే ఏంది, నిలబడితే ఏంది?”

“మామా! ఆయన ముందర ఎందుకు...”

“తెలియనీ. మా కొట్టులో అందరికీ తెలుసు, ఆయనకు తెలిస్తే ఏం?”

“ఏంది బాబూ, కళ్లు బాగలేవా? ముందే చెప్పకూడదా?”

“పగలు బాగానే ఉంటాయి అయ్యా. పొద్దుగూకితేనే కష్టం. రేచీకటి. మా అమ్మకు కూడా ఉండె.”

“అవ్వకు రేచీకటి అని ఎవురికి తెలుసు మామా? పొద్దుగూకితే దేవుడి గది దాటేది కాదు. భక్తి అనుకుంటిమి అందరం.”

“అమ్మ కూడా అట్లనే అనుకోనిచ్చింది.”

“పొన్నగంటాకు తినాల బాబూ. వారానికి రెండుసార్లు పప్పులో...”

“తిన్నా అయ్యా. పొన్నగంటాకు తిన్నా, మునగాకు తిన్నా. చిన్నప్పటినించి ఆకు మేసి మేసి మేక అయిపోయినా. ఇది ఆకుతో పోయేది కాదంట. రక్తంలో ఉండేదంట. రాను రాను ఆ గొట్టం కూడా మూసుకుపోతాదంట.”

“మందు?”

“లేదంట.”

“అట్లాంటప్పుడు సైకిల్...”

“అట్లాంటప్పుడే కదా సైకిల్! దీనికి లైసెన్సు అడగరు కదా. మా ఓనరు ఐదుకే వదుల్తానన్నాడు. మామూలు సైకిలయితే మాధవరంలో ఇల్లు చేరేసరికి చీకటి. ఇదయితే, ఈ నీలందయితే, పొద్దుగూకకముందే ఇంట్లో ఉంటా. అర్థమయిందా అయ్యా? సూర్యుడితో పందెం. అందుకే తేలికది కావాల.”

“ఐదుకు వదుల్తానంటే ఐదుకు వదుల్తారా మామా? పండగ రోజుల్లో నిన్ను ఎప్పుడు వదిలినారో నాకు తెలీదా? వాన వస్తే? ఇదో, ఇట్ల మబ్బు పడితే? పెరంబూరు బ్రిడ్జి మీద టైరు పోతే?”

“అప్పుడు చూసుకుందాం.”

“దేంతో చూసేది? అయ్యో, తప్పుగా అనేసినా. మామా. తప్పు.”

“పర్వాలే. నిజమేగా.”

“బాబూ, కావాలంటే ఈ వీధి చివరిదాకా తొక్కి చూసి రండి.”

“వద్దులే అయ్యా. చూస్తేనే తెలుస్తా ఉండాది.”

“తొక్కు మామా. తొక్కి చూడు.”

“వద్దు. జనం ఎక్కువ ఉండారు.”

“జనం లేని రోడ్డు యాడ ఉండాది మాధవరందాకా? స్కూటర్లో పోతా మూలకడై కాడ ఏమయింది? మరిచిపోతివా?”

“అది... పూల బండి పక్కనించి వచ్చింది.”

“పక్కనించి రాలేదు. నీ ముందర నిలబడి ఉండె. పూలమ్మే చిన్నపొన్ను ఎంత మొత్తుకుంది, నిలబడిన దాన్ని గుద్దినాడని!”

“అన్ని పూలూ కొనేస్తి కదా.”

“కొంటివి. బుట్టెడు మల్లెపూలు ఇంటికి తెస్తివి. రాత్రంతా ఏడస్తా కట్టినా ఆ పూలు. ఎవురికి పెట్టేది అన్ని పూలు?”

“నువ్వు ఏడస్తివా? నాకు చెప్పలేదే.”

“నీకు అన్నీ చెప్తానా? సరే, ఇప్పుడు మెడ తిప్పకుండా చెప్పు. నీ ఎడమ పక్కన ఏముంది?”

“ఇదేం పరీక్ష?”

“చెప్పు మామా.”

“సైకిల్.”

“ఏ సైకిల్?”

“చిన్నపిల్లల సైకిల్. మూడు చక్రాలది.”

“స్టూలు ఉండాది. దాని మీద ఈయన టీ గ్లాసు ఉండాది. చూసినావా? తెలియనప్పుడు నువ్వు ఇట్లనే చెప్తావు. అంగడిలో ఏం ఉంటుందో దాన్ని చెప్తావు. అదీ గట్టిగా చెప్తావు. వినేవాళ్లు నిజమనుకోవాల.”

“గట్టిగా చెప్పకుంటే ఎవురు ఉద్యోగంలో పెట్టుకుంటారు హేమా?”

“ఉద్యోగానికి బస్సులో పో. టెర్మినస్ కాడికి నేను వస్తా ఉండాను కదా రోజూ.”

“అదే వద్దంటా ఉండాను! బస్సు దిగతానే నా చెయ్యి పట్టుకుంటావు, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు. మన పాల కాలనీ అంతా చూస్తా ఉంటాది.”

“చూడనీ. మొగుడి చెయ్యేగా.”

“ఏడుకు వచ్చే బస్సుకు ఐదుకే వచ్చి కూచుంటావు. ఆ దోమల్లో. ఎందుకు? ఆరున్నరకు బయలుదేరితే చాలదా?”

“ఇంట్లో ఉబ్బగా ఉంటాది. సుమ్మా, ఊరకనే, గాలికి.”

“గాలికా! బస్టాండులో ఏం గాలి?”

“నాకు ఇష్టం. వదిలేయ్ మామా.”

“వదల్లేను. నువ్వట్ల కూర్చోనుంటే నాకెట్ల ఉంటాదో తెలుసా? ఒక్క పనైనా, ఒక్కటి, నా అంతట నేను చేసుకోవాల హేమా. పనికి పోయి ఇంటికి రావడం. అంతే. అది కూడా లేకపోతే ఇంక నేనేంది? మూలన పెట్టిన గొడుగు.”

“అట్ల అనొద్దు.”

“అంటా. అక్కను నేను ఎప్పటికీ క్షమించలేను.”

“అమ్మ ఏం చేసింది మధ్యలో?”

“ఏం చేసిందా? నిన్ను నాకిచ్చింది. నా కళ్ల సంగతి తెలిసే ఇచ్చింది. బయట సంబంధమైతే కళ్ల గురించి అడుగుతారు, మనలో మనకు అడిగేవాళ్లు ఎవురని. నేను చెవులారా విన్నా ఆ మాట. రాయపురంలో అక్క ఇంట్లో, వంటింట్లో, అమ్మతో చెప్తా ఉండె. నేనేం చేసినా? విని ఊరకుంటి. నువ్వు బీకాం చదివితివి. నీకు ఎట్లాంటి సంబంధం వచ్చుండేది! తమ్ముడు గుడ్డోడైపోతాడని సొంత బిడ్డను...”

“ఆపు మామా.”

“నీ బతుకు నా కింద పెట్టేసింది, కాలు కదిలే బల్లకు చెక్క పెట్టినట్టు.”

“ఆపమన్నా కదా! సైకిల్ కొనేదానికి వస్తిమి. సైకిల్ చూడు... అయ్యో, ఏంది, లైట్లు ఆరిపోయినాయా?”

“కరెంటు పోయిందమ్మా. వస్తాదిలే. వాకిట్లోనించి ఇంత వెలుతురు వస్తా ఉండాది కదా.”

“టార్చి ఉందా అయ్యా? మామకు చీకటి...”

“నాకేం వద్దు. నేను నిలబడిన కాడే ఉండాను.”

“చీకటి యాడుందమ్మా? నేను పేపరు చదువుకుంటా ఉండాను ఇంకా.”

“మామా, కదలొద్దు. ఆడే ఉండు, నేను వస్తా. నేను... అమ్మా!”

“ఏమయింది హేమా?”

“ఏం లేదు. గాలి పంపు తగిలింది.”

“పంపు నడి దారిలో ఉండాది కదమ్మా. మోకాలంత ఎత్తుది.”

“చెప్పు తెగేటట్టు ఉండాది అయ్యా. దాన్నే చూసుకుంటా వస్తి.”

“మొన్న బిందె తన్నుకుంటివి. నిన్న మన పాప బొమ్మ తొక్కి విరగ్గొడితివి. నిద్ర లేదు నీకు. నా ఎనకాల తిరిగీ తిరిగీ ఇట్ల అయిపోయినావు.”

“ఆమాం, అవును. నిద్ర లేదు.”

“అందుకే చెప్తా ఉండేది. సైకిల్ ఉంటే నీకు సాయంత్రాలు మిగలతాయి. కుట్టు క్లాసు మధ్యలో నిలిపేస్తివి కదా, మళ్లీ పో. సాయంత్రం బ్యాచికి.”

“సాయంత్రం బ్యాచికి పోను మామా.”

“ఎందుకు?”

“పోను. అంతే. ఇదో, ఒక మాట విను. కొనే తీరతానంటే ఎర్రది తీసుకో. లావు టైరు. పడినా మెల్లగా పడతావు.”

“ఎర్రదయితే ఆలస్యమవుతాది.”

“కొంచెం ఆలస్యం. ఇల్లు చేరితే చాలదా నాకు? మామా, నీ కాళ్లు పట్టుకోమంటావా ఈ అంగట్లో?”

“వద్దు వద్దు. సరి. నీ మాటే. గోపాలయ్య గారూ, ఎర్రదే ఇచ్చేయండి.”

“మంచిది బాబూ. బిడ్డ మాట విన్నావు.”

“ఫోను మోగతా ఉండాది. పాప. హలో? ఏం తల్లీ? ... ఆ, నాన్న పక్కనే ఉండాడు.”

“బాబూ, లోపల గాలి పెట్టి, స్టాండు బిగించి తెస్తా.”

“కానీండి అయ్యా.”

“... లేదు తల్లీ, ఇంకా బయలుదేరలేదు. అమ్మమ్మ కాడే ఉండు. ... ఎరుపు. ఎరుపు రంగుది. ... ఎక్కించుకుంటాడు, ఆదివారం, పగలు. పెట్టేస్తా ఉండాను. ... ఆ. ఆ. సరే.”

“ఏం అడిగింది?”

“ఏం రంగని. గెంతతా ఉండాది. మామా, ఇప్పుడు చూస్తే నాకే నచ్చతా ఉండాది. ఎంత బాగుండాదో ఎర్రది! క్యారియర్ బిగిస్తే పాప హాయిగా కూర్చుంటాది.”

“ఏది?”

“ఇదే. ఎర్రది.”

“యాడ?”

“నీ ముందరే మామా. నీలందాని పక్కన. కనపడలేదా నీకు?”

“నాకు... లేదు. సీటు ఎత్తు ఎంత ఉండాది?”

“సరిగ్గా ఉండాది. నీ నడుము కాడికి.”

“హ్యాండిల్ ఎటు తిరిగి ఉండాది?”

“నీ పక్కకే.”

“ముందు చక్రం?”

“వాకిలి పక్కకు. ఏంది మామా, నువ్వు నాకు పెడతా ఉండావా పరీక్ష?”

“గట్టిగా చెప్తావా?”

“గట్టిగానే చెప్తా ఉండాను. ఎందుకు?”

“హేమా.”

“ఏంది?”

“ఎర్ర సైకిల్ ఈడ లేదు. నువ్వు ఫోన్లో ఉండంగానే గోపాలయ్య లోపలికి తోసుకుపోయినాడు. చైను చప్పుడు విన్నా. ఇదో, చెయ్యి చాపినా. ఉత్త గాలి.”

“... చీకటిగా ఉండాది కదా మామా.”

“ఆయన పేపరు చదువుకుంటా ఉండె.”

“నేను సరిగ్గా చూడలేదు. ఫోన్లో ఉండి...”

“నువ్వు చూడలేదు. చూసినట్టు చెప్తివి. నేను చెప్పే మాదిరే చెప్తివి, అచ్చం నేను చెప్పే మాదిరే. ఎన్నాళ్లనించి?”

“ఏంది ఎన్నాళ్లనించి?”

“హేమా. నాతో వద్దు.”

“... చిన్నప్పటినించి. రాత్రిపూట మాత్రమే. ఇప్పుడు పక్కన కూడా తగ్గతా ఉండాది.”

“ఐదుకే వచ్చి కూర్చునేది...”

“వెలుతురు ఉండంగానే రావాల కదా. తర్వాత దారి తెలియదు నాకు.”

“తిరిగి ఇంటికి పోయేటప్పుడు? నా చెయ్యి పట్టుకుని నడిపిస్తావు కదా?”

“నేను యాడ నడిపిస్తిని మామా? ఆ వీధిలో పుట్టినోడివి. నీ కాళ్లకు తెలుసు గుంటలన్నీ. నేను నీ ఎనకాల వస్తా ఉండాను, అంతే.”

“దేవుడా.”

“కోపం పడొద్దు.”

“కోపం యాడిది! మరి పాపకు...”

“అడగొద్దు. ఇప్పుడు అడగొద్దు మామా. ఆదివారం సైకిల్ ఎక్కించుకుంటావని చెప్పినా దానికి.”

“బాబూ! స్టాండు బిగించేసినా. తెచ్చేదా?”

“ఉండండి అయ్యా, ఉండండి కొంచెం సేపు... హేమా, అక్కకు తెలుసా?”

“తెలుసు.”

“నాకిచ్చేటప్పుడే తెలుసా?”

“బయట సంబంధమైతే కళ్ల గురించి అడుగుతారని అమ్మ వంటింట్లో అనింది నీ కళ్ల గురించి కాదు మామా.”