శుక్రారం గేటు

ఎవ్వనికి చెప్పుకుంటవ్ తిరుమల్? సచ్చినోని కాయితం గూడ ఒక్కపారి పోతే చేతికియ్యరు వీళ్ళు. పొద్దుగాల ఏడింటికి పోయి నిలబడితివి, పన్నెండింటికి నీ నంబర్ వచ్చె, వచ్చినంక ఏమన్నరు? ముద్ర ఏసేటాయన నమాజుకు పోయిండు, బుక్రా రా. బుక్రా అంటే రేపు. రేపు పోతే ఇంకో కాయితం కావాలంటరు. మీ బావ భూమేష్ పోయి తొమ్మిది రోజులాయె. ఆ దవాఖాన చల్లటి అర్రల పండుకొని గూడ ఇంకా లైన్లనే ఉన్నడు.

కూసో, అట్ల నిలబడకు. ఆ కింది మంచం నేపాలోనిది, డ్యూటీకి పోయిండు, ఏమనడు. మెసయీద్ నుంచి ఇంత దూరం వచ్చినవ్, చాయ్ తాగు. డబ్బా పాలే. పదకొండేండ్ల సంది గీ డబ్బా పాల చాయే తాగుతున్న, ఇది చాయ్ కాదన్న సంగతి గూడ మర్సిపోయిన.

మీ బావ పెట్టె అక్కడ్నే ఉండనీ. ఆ ప్లాస్టిక్ సంచి గూడ. కంపెనోళ్ళు కట్టిచ్చినట్లనే ఉన్నదా, ఇప్పలేదా? మంచిది. తర్వాత చూద్దాం.

ఏందీ, మీ అక్క మల్ల ఫోన్ చేసిందా?

అదే మాట. ఇంకేమడుగుతది లే గంగామణి. సెలవు రోజు, శుక్రారం పూట, సనయ్యా క్యాంపుల పండుకోక అంత ఎండల మా మాల్ ఉండే అల్ అజీజియాకు ఎందుకు పోయిండు అని. ఆయన ఆమెకు ఫోన్ల చెప్పిండంట గద, రాజన్న కాడికి పోయి నువ్వు పంపిన రాఖీ ఇచ్చొస్త అని. నేనేమో నా కాడికి రాలేదంటి. ఇంకేం, తోటికోడలు, గా యారాలుకు నోరు దొరికింది. ఏడ్వ వచ్చిన ఆడోళ్ళందరి ముంగట అన్నదంట, "అన్న పేరు చెప్పి ఎవతి కాడికి పోయిండో నీ మొగడు" అని. గంగామణి నాతోని ఏమన్నదో తెలుసా? "ఆయన నాతోని ఎన్నడు అబద్ధమాడలేదన్నా, గీ ఒక్కటి ఎందుకాడిండు" అన్నది. మొగడు పోయిన దుఃఖం ఒక దిక్కు, గీ మాట ఒక దిక్కు. అన్నం తింటలేదంట గద.

ఏం దేశమో తమ్మీ ఇది. ఊర్లె అందరు దుబాయ్ దుబాయ్ అంటరు, మనం ఖతర్‌ల ఉన్నమని చెప్తే, ఆఁ అదే లే, దుబాయే లే అంటరు. ఎండకాలం నల్ల ఇప్పితే నీళ్ళు కాగుతుంటయ్. బకెట్ల పట్టి ఏసీ అర్రల పెట్టి, చల్లారినంక తానం చేయాలె. ఎనిమిది మందిమి, ఎనిమిది బకెట్లు, కాలు పెట్ట జాగుండది. రోడ్డు మీద ఎవడు పిలిచినా సదీక్ అంటడు. దోస్తు అని అర్థమంట. పేరడగనోడు దోస్తెట్లయితడు?

ఇంకోటి చూడు. ఇక్కడ మనమంత బ్యాచిలర్లం. భూమేష్‌కు ఇద్దరు ఆడపిల్లలు. నాకు ముగ్గురు, పెద్దదాని పెండ్లి గూడ చేసిన. అయినా బ్యాచిలరే. పెండ్లాం పక్కన లేనోడు వీళ్ళ లెక్కల బ్యాచిలర్. బ్యాచిలర్ అంటే మంచి వాడకట్టుల రూం ఇయ్యరు, పార్కుల కూసోనియ్యరు, శుక్రారం మాల్‌కు రానియ్యరు. శుక్రారం ఫ్యామిలీ డే. మనకు సెలవుండేది ఆ ఒక్క రోజే, మనకు గేటు బందయ్యేది ఆ ఒక్క రోజే.

ఆ రూలు పెట్టినోడు గేటు కాడ నిలబడడు. నిలబడేది నాసొంటోడే. నీలి అంగి, నల్ల టోపీ, మెడల కార్డు. వచ్చేటోని మొకం చూడ నేను, కాళ్ళు చూస్త. అంగి ఎవడైనా మంచిది ఏసుకుంటడు. కాళ్ళు దాయలేడు. క్యాంపు మనిషో ఫ్లాటు మనిషో కాళ్ళే చెప్తయ్. అట్ల ఎంత మందిని మర్లగొట్టిన్నో నాకే తెల్వది. ఫ్లాటోళ్ళల్ల మన తెలుగోళ్ళు గూడ వస్తరు, ఆంధ్ర దిక్కోళ్ళు, పట్నపోళ్ళు, పిల్లలతోని. ఒక మేడం ఉన్నది, ప్రతి శుక్రారం "బాగున్నారా రాజన్న గారూ" అంటది. గప్పుడు తెలుగు మాట్లాడుడు నాకు మస్తు మంచిగనిపిస్తది. పక్కనున్న గార్డులు చూడాలె అని గట్టిగ మాట్లాడుత గూడ.

పోయిన ఎండకాలం ఏమైందో నీకు చెప్పలే. మెట్‌పల్లి ఆయన ఒకడు, ఫోన్ రిపేరుకిచ్చిన అన్నా, తీసుకొని వస్త, ఐదు నిమిషాలు అని బతిమాలిండు. మనోడే గద అని పంపిన. కెమెరాల చూసిండ్రు. మా సూపర్వైజర్ ఇక్రాముద్దీన్ నన్ను పిలిచి, నీ ఊరోళ్ళ కోసం పెట్టినమా నిన్నిక్కడ అన్నడు. నెల రోజులు బయట పార్కింగ్‌ల నిలబెట్టిండు. నెత్తి మీద రేకు గూడ లేదు. మూత్రం ఎర్రగ వచ్చేది నాకు. ఇంకొక్కపారి అయితే ఇంటికే అన్నడు.

చాయ్ చల్లారుతుంది, తాగు.

భూమేష్ పని మా మాల్‌కు దగ్గర్నే ఉండె గద. గా ఫుట్‌బాల్ ఆటకు స్టేడియం చేస్తున్నరు చూడు, దాని పైకప్పు మీద. పైనుంచి మా అద్దాలు మెరుస్తుంటే కనపడ్తయని చెప్పేటోడు. "ఆరు రోజులు మీ మాల్‌ను మీదికెల్లి చూస్త బావా, ఏడో రోజు కిందికొస్తే గేటేస్తవ్" అని నవ్వేటోడు. నేను గూడ నవ్వేటోన్ని. నవ్వే మాటనే గద అప్పుడు.

ఆ శుక్రారం నా డ్యూటీ ఫరీజ్ బిన్ మహమూద్‌ల ఏదో బిల్డింగ్ కాడ అని చెప్పిన నీకు. గంగామణికి గూడ అదే చెప్పిన. మా డ్యూటీలు మారుతుంటయ్, నువ్వు నమ్మినవ్. ఆమె నమ్మింది. నాకు తోడబుట్టిన ఆడిపిల్ల లేదని, పదేండ్ల పిల్లప్పటి సంది నాకు రాఖీ కట్టేది. నేను వద్దన్నా కట్టేది. నమ్మకేం చేస్తది?

మీ బావ వచ్చిండు, తిరుమల్.

నా కాడికే వచ్చిండు. ఫరీజ్ బిన్ మహమూద్ లేదు ఏం లేదు. నేను ఆ గేటు కాడనే ఉన్న.

కూసో. లేవకు. మొత్తం ఇను, తర్వాత నీ ఇష్టం.

ఒంటిగంట దాటింది. బస్సు దిగి నడుచుకుంట వచ్చిండు. తెల్లంగి ఇస్త్రీ చేసుకున్నడు, నెత్తికి నూనె పెట్టుకొని పాపిడి తీసుకున్నడు. కాళ్ళకు మాత్రం అవే స్లిప్పర్లు, సిమెంటు అంటుకొని. చేతిల చిన్న కవర్. మొకం ఎర్రగ కమిలిపోయింది, ఒక్క చెమట సుక్క లేదు. ఎండల పడి వచ్చినోనికి చెమట ఆగిందంటే ఏందో నాకు తెల్వదా? పదకొండేండ్ల సంది ఈడ ఉంటున్న. తెలుసు నాకు. చూడంగనే తెలిసింది.

"బావా," అన్నడు, "గొంతెండిపోతుంది. ఐదు నిమిషాలు లోపల కూసుంట. గంగామణి రాఖీ పంపింది నీకు."

ఇక్రాముద్దీన్ నా పక్కనే నిలబడ్డడు. "తేరా ఆద్మీ హై?" అన్నడు. నీ మనిషేనా అని.

నహీ సాబ్, అన్న. నహీ జాన్తా. వీడెవడో నాకు తెల్వదని.

అని ఊకున్ననా? భూమేష్ దిక్కు తిరిగి, ఆజ్ ఫ్యామిలీ డే హై, బ్యాచిలర్ నహీ చలేగా, జావ్ అన్న. చెయ్యి గూడ ఊపిన, గొర్లను కొట్టినట్లు.

మొదలు నవ్విండు. బావ పరాష్కమాడుతున్నడు అనుకున్నడు. మల్ల నా మొకం చూసిండు, పక్కనున్నాయన మొకం చూసిండు. అర్థమైంది వానికి. ఇంకో తెలుగు మాట మాట్లాడలే. మాట్లాడితే నా నౌకరి పోతదని. గొంతెండి సచ్చేటప్పుడు గూడ నా నౌకరి గురించి ఆలోచన చేసిండు చూడు. "అచ్ఛా సాబ్," అన్నడు. నన్ను. చెల్లె మొగడు నన్ను సాబ్ అని, మర్లి పోయిండు.

నా టేబుల్ మీద నీళ్ళ బాటిల్ ఉండె. సగం తాగింది. ఇయ్యలే.

రోడ్డుకు అవతల గోడ కాడ కూసున్నడు. నీడ మూరెడు గూడ లేదక్కడ. నేను చూసుకుంటనే ఉన్న. లేచి బస్సుకు పోతడు లే అనుకున్న. డ్యూటీ దిగినంక క్యాంపుకు పోయి కాళ్ళు పట్టుకుంట అనుకున్న. తిడ్తడు, మల్ల నవ్వుతడు అనుకున్న. రెండున్నరకు చూస్తే ఒరిగి ఉన్నడు. మూడింటికి జనం జమైండ్రు, అంబులెన్స్ వచ్చింది. మనిషిని తీసుకపోయిండ్రు, ఒక స్లిప్పర్ అక్కడ్నే ఉండిపోయింది.

నేను గేటిడిచి పోలే.

అప్పుడే ఆ మేడం వచ్చింది, పిల్లలతోని. "ఏమైందండీ అక్కడ, ఎవరు?" అని అడిగింది. ఎవడో కూలోడు పడిపోయిండు మేడం, లోపలికి పోండ్రి, పిల్లలకు ఎండ తగుల్తది అన్న. తెలుగులనే చెప్పిన.

ఏందట్ల చూస్తవ్. కొడ్తే కొట్టు. ఈ తొమ్మిది రోజుల సంది ఎవడన్న కొడ్తే బాగుండు అనిపిస్తుంది. ఇక్రాముద్దీన్‌ను తిట్టుకుందామంటే, ఆయన అడిగింది ఒక్క మాటనే. నీ మనిషేనా అన్నడు. అవునంటే ఏం చేసేటోడు? పార్కింగ్‌ల నిలబెట్టేటోడు. ఎక్కువల ఎక్కువ ఇంటికి పంపేటోడు. ఇంటికి! మనమందరం పొద్దున లేస్తే మొక్కుకునేది గదే గదా.

ఆ సంచి ఇప్పు. ఇప్పుడిప్పు, నాకు చేతులొస్తలేవు. కవర్ల రెండు రాఖీలుంటయ్. ఒకటి నీది. నువ్వు కట్టుకో, అక్క కాడికి అట్లనే పో. రెండోది నాకియ్యకు. ఆయన పెట్టెల ఏసి పంపు. మోసుకొచ్చింది ఆయనే, ఆయననే తీసుకపోనీ.

మోగుతుంది చూడు నీ ఫోన్. ఆమెనే. నువ్వు చెప్పకు, నాకియ్యి. నీ మొగడు అబద్ధమాడలేదు, అబద్ధమాడింది నేను అని నా నోటితోనే ఇనాలె ఆమె. ఇన్నంక నాకు చెల్లె లేదు, ఊర్లె మొకం లేదు. లేకపోనీ. యారాలు నోరు మూత పడ్తది, అదన్న కానీ.

ఇయ్యి. ఒక్క నిమిషం ఆగు.

ఆ గేటు కాడ మాట ఇంకా నోట్లెనే తిరుగుతుంది తమ్మీ. నహీ జాన్తా, నహీ జాన్తా అని. గంగామణికి హిందీ రాదు. తెలుగులనే చెప్పాలె.