బాయి ఏడుండెనో అడిగి రా

ఏ బిళ్ల, గోడ పలుక మీద ఆ మొదటి మొలకు ఉన్నదా? దాన్ని ముట్టకు బిడ్డా. ముడితె ఏం గాదు గాని, ఎవ్వలు ముట్టరు. గది జంగన్నది. ఆయన పోయి ఇరవై ఏండ్లాయె, బిళ్ల మాత్రం ఆడనే ఉన్నది. కూసో శృతీ, కుర్చీ జరుపుకొని గీ ఫ్యాను కింద కూసో. నీ కాయితం మీద సంతకమే గదా, పెడ్తా. మన తవ్వే మిషన్ల ఆపరేటర్ల సంఘానికి ఆ ట్రైనింగుల రెండే సీట్లు, ఇయ్యాల ఐదింటిలోపల పేరు పంపకుంటె సీటు పాయె, నాకు ఎరుకనే. మీ నాయిన పరమేష్ పొద్దటి సంది మూడుసార్లు ఫోన్ జేసిండు. "సిద్దిరాములన్నా, జర పిల్ల సంగతి, జర పిల్ల సంగతి." టిప్పర్ నడిపెటోనికి అన్నిట్ల తొందరనే. ఇంక మూడు గూడ గాలే. నిన్న జెప్పిన పని చేసుకొనే వస్తివి గదా? నిన్ననే దేవరయాంజాల్ దాటి, ఎన్నడు పోని ఆ పల్లెకు పోయినవ్, ఆడి అవ్వ బాలనర్సమ్మను అడిగినవ్, రేపు మనం తవ్వే జాగల బాయి లేదన్నది. మంచిదాయె. రేపు పొద్దుగాల ఆడ నువ్వే మిషన్ ఎక్కుడు, ఆర్నెల్ల సంది నేర్సుకుంటున్నవ్, ఇగ ఒక్కదానివే తవ్వుడు. మరి ఏం పరేషాన్? చాయ్ చెప్తా, తాగు.

అవునే, నాకొకటి చెప్పు. షామీర్‌పేట దిక్కు ఆ ట్రైనింగుల కంప్యూటర్ మిషన్ ఉంటదట గదా? టీవీ ముంగట కుర్చీ ఏసి, చేతికి రెండు లివర్లు ఇచ్చి తవ్వుమంటరట. కుర్చీ ఊగుతదా? ఊగుతదా! మరి మన్ను వాసన? అది రాదు. మిషన్ బోర్ల పడితె ఏమైతది? ఏందీ, మళ్ల మొదటి నుంచి మొదలువెడ్తదా? అబ్బ, మంచిగున్నది. నేనొకసారి పోయి సూస్త, ముసలోడ్ని గూడ కూసోనిస్తరా అడుగు. నిజంగనే, నవ్వకు. జంగన్న ఉంటె నాకంటె ముందుగాల పోయెటోడు. కొత్తది ఏదొచ్చినా సుట్టూ తిరిగి, కిందికి వంగి, సప్పుడు ఇని, ఆపరేటర్‌ను సంపుక తినెటోడు. "గీ పైపు ఏడికి పోతది? గా పైపు ఎందుకు ఏడుస్తాంది?" మిషన్‌కు ఆయిల్ కారితె ఏడుస్తాంది అనెటోడు. శ్రీశైలం డ్యాం కాడ డోజర్ నడిపి వచ్చినోడు మరి, మాకందరికి ఆయిననే ఉస్తాద్.

ఆఁ, బిళ్ల సంగతి. అప్పట్ల గీ మేడ్చల్ రోడ్డుకు మిషన్లే తక్కువ. తొంభై నాలుగో, తొంభై ఐదో. రింగురోడ్డు లేదు, గీ గోదాములు లెవ్వు, అంతా జొన్న చేండ్లు, ద్రాక్ష తోటలు. అప్పుడప్పుడే ప్లాట్లు చేసుడు షురువైంది. ఎవలకు పని దొరుకుతదంటె, కాంట్రాక్టర్‌కు ఎవడు దగ్గరి సుట్టమో వానికి. మిగిలినోళ్లు మిషన్ కింద నీడకు పండుడే. జంగన్న పది మందిని జమ చేసి సంఘం పెట్టిండు. గీ పలుక మీద మొలలు కొట్టి ఒక్కొక్కనికి ఒక సంఘం కార్డు, ఒక రేకు బిళ్ల, బిళ్ల మీద పేరు. పని ఒచ్చిందంటె మొదటి మొల మీదున్నోడు పోవాలె, వచ్చినంక ఆకర్న తగిలియ్యాలె. సుట్టం లేదు, పక్కం లేదు. "కార్డు ఉన్నోనికి వరుస, వరుస ఉన్నోనికి బువ్వ," గింతే ఆయన మాట. ఇప్పుడు మీరు ఫోన్ల గ్రూపుల పెట్టుకుంటున్నరు, అయినా వరుస అదే గదా? కార్డు మాత్రం వట్టిగ ఇయ్యకపోతుండె. మిషన్ నడుపుడు మూడొద్దులల్ల వస్తది అనెటోడు. మరి మిగిలిన ఆర్నెల్లు ఏం నేర్పెటోడు? తిరుగుడు. నాకైతె మస్తు కోపం వస్తుండె.

ఎందుకు తిరుగుడంటె బాయిల కోసం. నీకు నేను చెప్పిందే మళ్ల చెప్తున్న గాని ఇను. ఈ సుట్టుపక్కల ఏ చేను చెల్క జూసినా ఒక బాయి ఉండె, మోట బాయి, తర్వాత మోటర్లు వచ్చినయ్. ప్లాటు చెయ్యంగనే మొదలు ఏం చేస్తరు? బాయి పూడుస్తరు. చెత్త, మొద్దులు, ముల్లకంప, పైన ఇంత ఎర్రమన్ను. సున్నం గీతలు గీస్తె ఎవనికి తెలుస్తది? అమ్మినోడు చెప్పడు, బాయి మీది ప్లాటు ఎవడు కొంటడు మరి. కాయితంల ఉండది. మనం పోయి ఆడ మిషన్ నిలవెట్టి వెనుక జాకీలు దించితిమా, ఇగ అయిపాయె. అందుకే జంగన్న ఏమనెటోడు, మిషన్ ఎక్కేముందు ఊర్లకు పోయి ముసలవ్వను అడుగు. మొగోళ్లను అడుగుతనంటె ఊకోకపోతుండె. "మొగోడు గెట్టు యాదుంచుకుంటడురా సిద్దిగా, ఆడామె నీళ్లు యాదుంచుకుంటది. బిందె మోసిన నడుముకు ఎరుక, బాయి ఏడుండెనో." బాలనర్సమ్మ అప్పుడు నలభై ఐదేండ్ల మనిషి. ఆ పల్లెల అందరి చేన్లల్ల కూలికి పోయినామె, నాట్లకు, కలుపుకు. ఆమెకు ఎరుక లేని బాయి లేదు. అవ్వ అనే పిలుస్తుంటిమి, ముసల్ది గాకపోయినా. మాట గట్టిది. "ఏందిరో, మళ్లొచ్చిన్రా బాయి దొంగలు!" అని మమ్ముల తిట్టుకుంటనే సల్ల పోసెటిది.

నీ లెక్కనే నాకు గూడ కార్డు ఇచ్చే రోజు వచ్చింది. అదే పల్లె బయట పదెకరాల వెంచర్, పునాదులు తీసుడు. ఆ పని ప్రతాప్ అని ఒక కాంట్రాక్టర్‌ది. మాపటికి సంఘం కూసుంటది, కార్డు ఇస్తరు, దానికి ఫోటో కావాలె. అంతకుముందుగాల నేను ఒక్కన్నే ఒక పునాది తవ్వి చూపియ్యాలె, జంగన్న పక్కన నిలవడి సూస్తడు. పొద్దుగాల్నే నన్ను పిలిచి, "పో, అవ్వను అడిగి రా" అన్నడు. ముసురు పట్టింది. తొవ్వంత బురద, మోకాలి మంటి దిగవడుతాంది. నేనేమనుకున్న? నెల కింద పక్క చేన్ల తవ్వినప్పుడు అడిగితిమి గదా, ఆడ లేదన్నది, ఈడ మాత్రం ఎట్లుంటది అనుకున్న. బస్సెక్కి అల్వాల్ పోయిన. ఎందుకా? ఫోటో దిగెతందుకు! నవ్వు, నవ్వు. స్టూడియో ఆయన నెత్తికి నూనె రాసి దువ్వుమన్నడు, మొఖానికి పౌడర్ కొట్టిండు, దొరబాబు లెక్క కూసోవెట్టి ఫోటో తీసి గంటల కడిగిచ్చిండు. మిషన్ ఆపరేటర్ సిద్దిరాములు! అద్దంల సూసుకొని మస్తు ఖుషి అయిన. పదకొండింటికి సైటు మీదికి ఒచ్చిన.

ఆడ ప్రతాప్ లొల్లి లొల్లి చేస్తుండు. "ఏమయ్య జంగయ్యా, మీ సంఘపోళ్లు తవ్వుతరా, ముసలోళ్లను అడుక్కుంట తిరుగుతరా? బయటి మిషన్ తెచ్చి పెట్టిన, ఇయ్యాల షురు కాకుంటె వెంచర్ అంత వాళ్లకే." నిజంగనే రోడ్డు మీద బయటి మిషన్ నిలవడి ఉన్నది, వాడు ఇంజన్ గూడ స్టార్ట్ చేసి పెట్టిండు. పదెకరాలంటె మా పది మందికి రెండు నెలల పని. జంగన్న నా దిక్కు మర్లిండు. "అవ్వను అడిగినవా?" అడిగిన అన్న. "ఏమన్నది?" బాయి లేదన్నది అన్న. ఎంత అలకగ వచ్చిందో ఆ మాట, నాకే ఆశ్చర్యం. ఆయన నా మొఖం దిక్కు సూసిండు. శానసేపు సూసిండు బిడ్డా. రోడ్డు మీది మిషన్ దిక్కు సూసిండు. మళ్ల నా మొఖం సూసిండు. నేను అప్పటికే ఎక్కి కూసున్న, చెయ్యి లివర్ మీద ఉన్నది. "దిగు" అన్నడు. ఎందుకే, ఇయ్యాల నాది గదా అన్న. "దిగురా. ముందుగాల నేను రెండు బకెట్లు తీస్త, తర్వాత నువ్వు." దిగిన. మూతి ముడుసుకొనే దిగిన.

మొదటి బకెట్ తీసిండు. రెండోది తీసెటప్పుడు ఎడమ దిక్కు జాకీ మెల్లగ లోపలికి పోయింది, సప్పుడు లేకుంట. భూమి నోరు తెరిసినట్టే తెరిసింది. మిషన్ ఎనుకకు ఒరిగి, సగం దాక బాయిలకు పోయి, ఆ రాతికట్టుకు ఇరికి ఆగింది. లేకుంటె మనిషే దక్కకపోవు. మేడ్చల్ నుంచి, అల్వాల్ నుంచి సంఘపోళ్ల మిషన్లన్ని పనులిడిసి వచ్చినయ్, గొలుసులు ఏసి గుంజిన్రు. రెండు గంటలు. రెండు గంటలు ఆయన కుడి కాలు ఆ ఇనుము కింద ఉన్నది. అవ్వ ఉరికొచ్చింది ఆ బురదల. "అయ్యో కొడుకా, గిది గీ చేను యాదగిరన్న మోట బాయే గదరా, ఒక్కమాట అడుగకపోతిరి!" అని నెత్తి కొట్టుకున్నది. అందరు ఇన్నరు. నేను గూడ ఇన్న.

సంఘం దవాఖాన్లనే కూసున్నది. మా దాంట్ల ఒకటే కట్టుబాటు, అడగకుంట తవ్వినోనికి జన్మల కార్డు రాదు. "అడుగెతందుకు పోయింది ఎవడు?" అని లేపిన్రు. నేను లేవబోయిన, ఒట్టు, లేవబోయిన. ఇంతల జంగన్న మంచం మీది నుంచే, "ఎవడు పోలే. నేనే పంపియ్యలే. ప్రతాప్ తొందర వెడితె నేనే ఎక్కిన. తప్పు నాది, నా వరుస తీసెయ్యున్రి" అన్నడు. అని నా జేబుల నుంచి ఆ ఫోటో తీపిచ్చి, కార్డు మీద అతికిచ్చి, ఆడనే సంతకం పెట్టిండు. కాలు మోకాలి దాక తీసిన్రు. మళ్ల ఎన్నడు మిషన్ ఎక్కలే. పదకొండేండ్లు గీ ఆఫీసుల, గీ కుర్చీలనే, కట్టె పక్కన పెట్టుకొని మా అందరి బిళ్లలు మార్చుకుంట కూసున్నడు. ఆయన వరుస తీసెయ్యమన్నడు గాని మేమెవ్వలం తియ్యలే. మొదటి మొలకు పెట్టినం. గింతే గా బిళ్ల సంగతి.

గాని నాకు సమజ్ కానిది ఒకటున్నది బిడ్డా, ముప్పై ఏండ్ల సంది గదే తిప్పి తిప్పి సూస్తున్న. ఆయనకు ఎరుకనా, కాదా? నేను పోలేదని ఎరుకుంటె ఎట్ల ఎక్కుతడు? అంత పైలంగ ఉండెటోడు. ఎరుక లేకుంటె నన్నెందుకు దింపుతడు? నువ్వు సదువుకున్నదానివి, చెప్పు. పని పోతదని ఎక్కిండా? పది మంది బువ్వ కోసం? అట్లనుకుందమంటె నన్నే తవ్వనిస్తుండె గదా. ఒక్కొక్కసారి అనుకుంట, సగం ఎరుక సగం లేదు, ఆ సగం కోసం నన్ను దింపిండు అని. అడుగుదమని ఎన్నిసార్లో పక్కపొంటి కూసున్న. ఇయ్యాల చెప్త, ఇయ్యాల చెప్త అనుకునేటోన్ని. చెప్పలే. సిగ్గయితుండె. ఇప్పటికీ సిగ్గయితాంది, ఇంట్లదానికి గూడ చెప్పలే, నీకే ఫస్టు. ఆయన మాత్రం ఏండ్ల కొద్ది, కార్డు రిన్యూవల్‌కు ఇచ్చినప్పుడల్ల ఆ ఫోటో సూసి, "పౌడర్ జర ఎక్కువైందిరా సిద్దిగా" అనెటోడు. అందరు నవ్వెటోళ్లు. నేను గూడ నవ్వెటోన్ని. బురద తొవ్వకు పోయొచ్చినోని మొఖానికి పౌడర్ ఎట్లుంటది, చెప్పు?

ఆఁ, చాయ్ వచ్చింది, తీస్కో. సంతకం, అవ్, సంతకం. కాయితం ఇటియ్యి. పెన్నేదీ... మంచిగ జిరాక్సులన్ని పెట్టుకున్నవే, ఆధార్, కులం సర్టిఫికెట్, ఫోటోలు. గివన్ని నిన్ననే చేపిచ్చినవా? మీసేవల మస్తు లైను ఉండి ఉంటది. పొద్దంత ఆడనే అయి ఉంటది. ఒక్కటి చెప్పు బిడ్డా, అవ్వ ఏమన్నది అన్నవ్? "బాయి లేదు బిడ్డా" అన్నదా? నోటితోనే అన్నదా?

బాలనర్సమ్మకు మాట పడిపోయి రెండేండ్లాయె.

ఇను, తల వంచకు, నేను తిట్టుత లేను. నేను తిడితె నన్నెవరు తిట్టాలె? కాయితం ఈడనే ఉంటది, పెన్ను దాని మీదనే పెడ్తున్న, సూడు. స్కూటీ ఉన్నది గదా? అర్ధగంట తొవ్వ. నోటితోని అడుగు, ఆమెకు ఇనవడుతది. మాట రాకున్నా చెయ్యి పట్టుకొని తీస్కపోయి కట్టెతోని గీసి చూపిస్తది, ఏడుండెనో, ఎంత పెద్దదో. ఐదింటిదాక గీడనే కూసుంట, ట్రైనింగోళ్లకు నేను ఫోన్ జేస్త. పోయి రా. నిన్ను దింపి నేనెక్కుదమంటె నాకు మోకాళ్లు లెవ్వు బిడ్డా.

అరటివండ్లు కొనుక్కపో అవ్వకు. మెత్తగున్నయ్ సూసి తీస్కో.