నల్లరంగు తొట్టి

వాటర్లూ యుద్ధం ముగిసిన నాలుగో వారం, ఇంగ్లండులోని నారిచ్ ఊళ్లో అద్దకం పనిచేసే ఆవిడ దగ్గరికి ఒక పడుచుపిల్ల నీలం గౌను పట్టుకొని వచ్చింది. ఆ నెలలో సంతాపపు నల్లరంగుకు వచ్చిన పదిహేడో గౌను అది. ఆవిడ తొట్టిలో రంగు కలపడం ఆపలేదు.

“పెళ్లిగౌనా?”

“అవును పిన్నీ. నాకున్న మంచి గౌను ఇదొక్కటే.”

“పేపర్లో, పోయినవాళ్లలో మీ ఆయన పేరు చూశావా?”

“పేపర్లో ఆఫీసర్ల పేర్లేగా వేస్తారు. మా ఆయన ఉత్త సిపాయి. పక్కన నిలబడ్డవాడు ఉత్తరం రాయించాడు, మా ఆంబ్రోస్ పడిపోవడం చూశానని.”

“పడిపోవడం చూశాడా, పూడ్చడం చూశాడా?”

“పడిపోవడమే.”

“మరింకేం తొందర? నలుపు ఎక్కిందంటే మళ్లీ వదలదు. ఒకామె ఇలాగే ముంచేయించుకుంది. రెండు నెలలకి మొగుడు చేతికర్రతో దిగాడు, ‘ఎవరు పోయారే?’ అనుకుంటూ.”

పిల్లకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

“ఎన్నాళ్లు ఆగమంటారు?”

“కబురు రూఢి అయ్యేదాకా.”

“ఆ మేకుకి వేలాడే పసుపు గౌను ఎవరిది? మడతల్లో వెలిసిపోయింది.”

“నాదే.”

“మీదా? ఎవరికోసం?”

“మా ఆయన కోసం. స్పెయిన్‌లో, కొరునా దగ్గర పడ్డాడన్నారు. పూడ్చడం ఎవరూ చూడలేదు.”

“కొరునా యుద్ధమై ఆరేళ్లయింది కదా పిన్నీ!”

“ఆరున్నర.”

పిల్ల ఆ పసుపు గౌను వంక చాలాసేపు చూసింది. తర్వాత తన నీలం గౌను మడత విప్పి ఆవిడ చేతుల్లో పెట్టింది.

“ముంచెయ్యండి పిన్నీ. ఒకవేళ ఆయనొస్తే, నల్లగౌనుతోనే ఎదురెళ్తాను.”