కూర్చోమన్న పాపానికి

పరాయి దేశపు బడిలో, గాజు తలుపు బయట నిలబడి టీచరమ్మ ఫోన్లో గుసగుసలాడుతోంది. అవతల ఆమె అక్క, ఆవిడా టీచరే. టీచర్ల మార్పిడి పథకం కింద ఈమె ఇక్కడ పాఠాలు చెప్పడానికొచ్చిన మొదటిరోజు. అదే క్లాసుకి రెండో పీరియడ్ ఇంకో ఐదు నిమిషాల్లో.

“కొంప మునిగిందక్కా.”

“ఏమైందే?”

“లోపలికెళ్లగానే అలవాటు కొద్దీ ‘సిట్ డౌన్’ అనేశాను.”

“అంటే?”

“ఇక్కడ టీచరొస్తే ఎవరూ లేవరు. అందరూ కుర్చీల్లోనే ఉన్నారు. ఇంకెక్కడ కూర్చోవాలో తెలీక మొహమొహాలు చూసుకుని, నేలమీద కూర్చున్నారు.”

“నవ్వించకే!”

“నాకు ఏడుపొస్తోంది. వెనకాల వాళ్ల టీచరు అంతా రాసుకుంటోంది. ఆ రిపోర్టు మన హెడ్మాస్టరుకే వెళ్తుంది.”

“పొరపాటని చెప్పలేకపోయావా?”

“గబగబా పాఠం మొదలెట్టేశాను. పీరియడంతా అలాగే లాగించేశాను.”

“ఇప్పుడేం చేస్తున్నారో చూడు.”

ఆమె గాజులోంచి తొంగిచూసింది.

“కుర్చీలన్నీ గోడకి జరిపేశారక్కా. అందరూ కిందే. ఆ టీచరు కూడా, నోట్‌బుక్ పక్కన పెట్టేసి. మధ్యలో నాకూ చోటుంచారు.”

“వెళ్లి కూర్చో మరి.”

“ఇరవై రెండేళ్ల సర్వీసులో పిల్లలతో కలిసి ఒక్కసారీ కూర్చోలేదు.”

“అందుకేగా కూర్చోమంటున్నాను.”