రెండో చాయ్ దాక

"బాపమ్మా, తాత గూడ దలాల్‌ను ఇడిసిపెట్టి లోడ్లు తనే మాట్లాడుకునేటోడంట గదా. మరి నేను మాట్లాడుకుంటే ఏంది?" అని అడిగిన. కోఠారి రోడ్డు మీద మా చాయ్ హోటల్ల కూసున్నం. బయట నా లారీ బండి ఖాళీగ నిలబడ్డది. ఫోన్ల దొరికిన హైదరాబాద్ పార్టీ చెప్పిన కిరాయి డీజిల్‌కే సరిపోతది, అయినా ఊ అందామనే ఉన్న. గప్పుడు బాపమ్మ షురూ జేసింది.

ఎవడు జెప్పిండు ర నీకు? మీ బాపేనా? ఆ, మాట్లాడుకున్నడు తియ్యి మీ తాత, శాన సక్కగ మాట్లాడుకున్నడు. కూసో జెప్త. ముందుగాల ఆ కాలు ఊపుడు బంద్ జెయ్యి, బల్ల కదులుతుంది. ఆయనకు గదే రోగం, నీకు గదే అచ్చింది. కాలేజీల గూడ కుర్చీల కూసోలేకనే గదా ఇంటికచ్చినవ్.

గప్పుడు బల్లార్షాల లారీల అడ్డా ఉండె. బండ్లన్ని నంబర్ల నిలబడాలె. నీ నంబర్ అచ్చినంక దలాల్ ఏ లోడ్ ఇస్తే గదే ఎత్తాలె, ఎత్తకుంటే మల్ల లైన్ల ఎన్కకు. ఆ దలాల్ పేరు ఏందో ఉండె... అందరు పైల్వాన్ సేటు అనేటోళ్లు. పైల్వాన్ ఏం గాదు, ఎండిన వెదురు బొంగు లెక్క ఉండె. మంచి కిరాయిలన్ని బామ్మర్ది బండ్లకు, మీ తాతకేమో వానల తడిసిన బొంగులు. మండింది మీ తాతకు. బండి నాది, డీజిల్ నాది, నడుము నాది, నడిమిట్ల వీడెవడు అని నంబర్ ఇడిసిపెట్టి ఇంటికచ్చిండు. ఆ పొద్దు ఎంత ఖుషీ. జిలేబి తెచ్చిండు. గప్పుడు జిలేబి కిలో పది రూపాయలో, పన్నెండో... మీ మేనత్త కడుపుల ఉండె, కాదు కాదు, పుట్టింది, పాకుతుండె. జిలేబి పాకం అంత నా చీరెకే పూసింది. పసుపు చీరె, మా అవ్వ పెట్టింది.

ఏంది, మోగుతుందా? గా హైదరాబాదోడేనా? మోగనీ. ముచ్చట అయిపోనీ జర.

ఆ, ఏం జెప్తున్న... జిలేబి. ఇగ మొదటి లోడ్, నాగ్‌పూర్‌కు బియ్యం. తనే మాట్లాడిండు, మంచిగనే మాట్లాడిండు, అబద్ధం ఎందుకు. పొయ్యేటప్పుడు నిండుగనే పోయిండు. వచ్చేటప్పుడు ఏది మరి? స్టాండ్ల కూసోవాలె, మంచి లోడ్ దొరికేదాక. ఆయన కూసోడు. డ్రైవర్ గదా, కాళ్ల కింద ఇంజన్ కొట్టుకుంటుంటేనే పానం నిమ్మళం. బండి ఆగిందంటే ఖర్రా పొగాకు నములుడు, బండి సుట్టు తిరుగుడు, టైర్లు తన్నుడు. లోడ్ ఇచ్చెటోళ్లేమన్న పిచ్చోళ్లా? దూరంకెళ్లి సూస్తరు, ఆ టైర్లు తన్నెటోడు ఎంతిచ్చినా అస్తడు అని. గంతే.

ఒకపారి ఏం ఏసుకొచ్చిండో ఎర్కేనా? ఖాళీ పీపలు. బండి నిండ ఖాళీ రేకు పీపలు. వరోరా కాడికెళ్లి ఒకటే మోతంట. మన గుడిసె ముందట ఆగితే ఊరంత బయటికచ్చింది, పెండ్లి బ్యాండ్ అనుకొని. ఏం తెచ్చినవయ్యా అన్న. గాలి తెచ్చిన అన్నడు. నవ్వలే మనిషి. డీజిల్ పైసలు గూడ ఎల్లలే.

ఇంకోపారి పార్టీ సరుకు దించుకోడు. గోదాం నిండిందంట, మీ తాత బండినే గోదాం జేసుకున్నరు. ఎన్ని దినాలో, గడ్డం పెరిగి అచ్చిండు. పైల్వాన్ సేటు అయితే నోటికచ్చినట్టు తిట్టి దించిపిచ్చేటోడు. గది సేటు గుణం, ఒప్పుకోవాలె. మీ తాతకు స్టీరింగ్ మీద ఎంత నోరో, పార్టీ ముందట గంత మెత్తన.

మల్ల మోగింది. నీ చెయ్యి పోతుంది జూడు. తియ్యి ఆ చెయ్యి. చాయ్ తాగు, సల్లగైతుంది.

గప్పుడు గీ హోటల్ గింత గుడిసె. గోండ్‌పిప్రి బియ్యం మిల్లు దివాన్జీ, అంటే మిల్లుల లెక్కలు రాసెటాయన, బస్సు కోసం ఈడనే నిలబడి చాయ్ తాగెటోడు. పండ్లు లేవు పాపం, బిస్కెట్ ముంచుకొని తింటుండె. ఒకనాడు మీ తాతతోని కిరాయి మాట తీసిండు. ఒక రేటు అన్నడు. మీ తాత తలకాయ ఊపుడుకు అప్పుడే తయార్. నేను సూసిన. కట్టెలు అయిపోయినయ్, పోయి కొట్టుకరా పో అన్న. పొయ్యి పక్కకే కట్టెలు కుప్ప ఉన్నయ్, దివాన్జీకి గూడ కనవడుతున్నయ్. ఆయన పోయిండు, బిరబిర గొడ్డలి పట్టుకొని.

దివాన్జీ నవ్విండు. "వహినీ, బండి ఎవరిది?" అని మరాఠీల వదినను పిల్సినట్టు అడిగిండు.

"బండి ఆయనది, మాట నాది. చాయ్ తాగుండ్రి" అన్న.

ఇగ నేనేం జెయ్యలే, నిజంగ. గ్లాసులు కడిగిన. మా అవ్వగారిల్లు రాజురా దిక్కు గదా, చిన్నప్పుడు జొన్నచేన్ల మంచె మీద పొద్దుందాక కూసున్నదాన్ని. తొందర పిట్టలకుంటది గాని మంచె మీదున్నోళ్లకేముంటది? బస్సు అచ్చింది. పోయింది. దివాన్జీ ఎక్కలే. గప్పుడు తెలిసింది నాకు, లోడ్‌కు తొందర మిల్లుకే ఉన్నదని. రెండో చాయ్ పోసిన. రేటు పెరిగింది. గప్పుడు అడిగిన, సరుకు దించుడు ఎవరిది, దించకుంటే బండి నిలబడ్డ దినాలకు ఎవరిస్తరు అని. దివాన్జీ బిస్కెట్ ఇరిగి చాయ్ల పడ్డది.

మీ తాత మోపు దెచ్చి దభేల్మని పడేసి, నా బండి బేరం నువ్వు జేస్తవా అని మాట్లాడుడు బంద్ జేసిండు. మాట్లాడకుంటనే లోడ్ ఏసుకపోయిండు. పోయినోడు నిలబడకుంట దించి అచ్చి, బండి తాళం గీ గోడకు మేకున్నది జూడు, దానికి తగిలిచ్చిండు. ఆ దినంకెళ్లి తాళం మేకుకే, నేను తీసిస్తేనే బండి కదిలేది. పోను పోను అందరు డ్రైవర్లు, వహినీ మా బండికి గూడ జర సూడు అనుడు.

అందుకే అంటున్న, దలాల్‌ను ఇడుస్తే ఇడువు, నేను అద్దనలే. మా కాలంల గీ ఫోన్ ఉంటే సేటునే కొనేదాన్ని. గాని నడిపే పానం వేరే, బేరం జేసే పానం వేరే. రెండూ నీలనే ఉండాలంటే కష్టం బిడ్డా. మొదటి మాటకే ఊ అన్నోని పేరు బండి కంటె ముందుగాల పోతది, ఇగ అన్ని ఊర్లల్ల గదే రేటు.

ఏమన్నవ్? నీతోని కూసునుడు కాదంటవా? మరి ఇంతసేపు ఏం జేసినవ్ ర? మొదటిపారి మోగినప్పుడే ఎత్తుతుంటివి, ఊ అంటుంటివి. నాకెర్కే. గందుకే గా జిలేబి కాడికెళ్లి ఎత్తుకున్న. లేకుంటే నాకేం పని లేదా, గిన్నెలన్ని గట్లనే ఉన్నయ్.

ఇగో, మల్ల మోగుతుంది. తొందర ఎవనికుంది ఇప్పుడు? ఎత్తు. ముందు నువ్వు మాట్లాడకు, వాన్ని మాట్లాడనీ.

ఎంతంటుండు... పెంచిండా? ఊ అనకు. దించుడు అడుగు. నిలబడితే ఎవరిస్తరో అడుగు. చాయ్ తాగుతున్న, తాగి జెప్త అను.

ఆగుతనన్నడా? సూసినవా.

ఇగ తాగు నిమ్మళంగ. తాగినంక తాళం మేకుకున్నది. నేను తీసియ్య, నువ్వే తీసుకో. నిండుగ పో కొడుకా, నిండుగ రా... గాలి ఏసుకరాకు.